ఒక్క కెమెరాతో లొకేషన్ చిత్రీకరణ: దర్శకత్వం నేర్చుకునేవారికి

టీవీ స్టూడియోలో మూడు నాలుగు కెమెరాలు ఒకేసారి నడుస్తుంటాయి. కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న దర్శకుడు ఏ క్షణాన ఏ కెమెరా కావాలంటే దానికి మారిపోతాడు. ఒక్క కెమెరా పట్టుకుని లొకేషన్‌కు వెళ్లినవారికి ఆ వెసులుబాటు ఉండదు. జరుగుతున్న ఒకే పనిని వారు ఇప్పుడు దూరం నుంచి, కాసేపయ్యాక దగ్గర నుంచి, ఆ తర్వాత ఇంకో పక్క నుంచి చూడవలసి ఉంటుంది. ఈ మూడు చూపుల మధ్య ఇరవై నిమిషాలు గడిచినా, రెండు గంటలు గడిచినా, తెర మీద మాత్రం అదంతా ఒక్క ఊపులో జరిగినట్టే ఉండాలి. కాబట్టి ఒక్క కెమెరాతో తీసే దర్శకుడు షాట్ తీస్తున్నంతసేపూ దాని పక్కన ఏ షాట్ వచ్చి అతుక్కుంటుందో ఆలోచిస్తూనే ఉండాలి. నేర్చుకోవలసిన ముఖ్యమైన విద్య ఇదే. కెమెరా బటన్లు, లెన్సుల నంబర్లు కొద్ది వారాల్లో వాటంతట అవే అలవాటవుతాయి.

ఉదాహరణగా నేను తీసుకుంటున్నది భూదాన్ పోచంపల్లిలో ఒక చేనేత కుటుంబం గురించి రెండు రోజుల్లో తీసిన పన్నెండు నిమిషాల డాక్యుమెంటరీని. కెమెరా ఒకటి, మనుషులం నలుగురం: నేను, కెమెరామన్, సౌండ్ చూసే కుర్రవాడు, అన్నిటికీ చేయందించే ఒక అసిస్టెంట్. కథాచిత్రాలు తీసేవారికి నటులు, మాటలు అదనంగా ఉంటాయే తప్ప షాట్లను అతికే పద్ధతి మారదు.

లొకేషన్‌కు ముందు, ఇంట్లో

మొదటి అభ్యాసానికి మీ వంటిల్లు చాలు. ఇంట్లో ఎవరైనా టీ పెడుతుండగా మొబైల్‌తోనే ఎనిమిది షాట్లు తీయండి. ప్రతి షాట్‌కూ మొబైల్‌ను ఏదో ఒకదానికి ఆనించి కదలకుండా ఉంచండి. మాటలు వద్దు. అల్లం దంచే చెయ్యి, గిన్నెలో పాలు పోయడం, పొంగు వచ్చేటప్పుడు స్టవ్ తగ్గించే వేళ్లు, టీ పెడుతున్న మనిషి ముఖం, వంటింటి మొత్తాన్ని చూపే వైడ్ షాట్, ఇలా ఎనిమిది. అదే రాత్రి కూర్చుని వాటిని ఒక నిమిషానికి ఎడిట్ చేయండి. మీకు కావలసిన షాట్ ఏదో ఒకటి లేదని అక్కడ తప్పకుండా తెలుస్తుంది. వైడ్‌లో కుడిచేత్తో పట్టుకున్న గరిట క్లోజప్‌లో ఎడమచేతికి వచ్చి ఉంటుంది, లేదా పొంగు షాట్ నాలుగు సెకన్లకే ఆగిపోయి ఉంటుంది. పొంగిపోయిన పాలను వెనక్కి రమ్మనలేము గనుక, మళ్లీ తీయడానికి వీలుపడని పనులు ఏవో, ఎన్నిసార్లయినా చేయించుకోగలిగేవి ఏవో ఆ ఒక్క పూటలోనే అర్థమవుతుంది. వచ్చే ఆదివారం అదే టీని మళ్లీ తీయండి. నాలుగైదు వారాలు ఈ పని చేసినవారు లొకేషన్‌లో నిలబడినప్పుడు ఎవరూ చెప్పకుండానే తర్వాతి షాట్ గురించి ఆలోచిస్తారు. ఎడిటింగ్ రాకుండా దర్శకత్వం నేర్చుకోవచ్చని నేను నమ్మను.

రెక్కీ

లొకేషన్ చూడడానికి వెళ్లేటప్పుడు, మీరు చిత్రీకరించబోయే వేళకే వెళ్లండి. సాయంత్రం చూసి నచ్చిన ఇల్లు ఉదయం పది గంటలకు వేరే ఇల్లులా ఉంటుంది. మేము చూసిన ఇంట్లో మగ్గం గది తలుపు తూర్పు వైపు ఉంది. ఉదయం ఎనిమిది నుంచి పది దాకా ఆ తలుపులోంచి వచ్చే వెలుగు మగ్గం మీద పరుచుకున్న పడుగు (నిలువు పోగులు) మీద పడి, నేస్తున్న మనిషి ముఖాన్ని ఒక పక్క నుంచి మెత్తగా తాకేది. పదిన్నర దాటితే అదంతా పోయి గదిలో ట్యూబ్‌లైటు వెలుగు మాత్రమే మిగిలేది. రెక్కీలో ఈ సంగతి తెలుసుకున్నాం కాబట్టే మగ్గం షాట్లను రెండు రోజులూ ఉదయం పూటే పెట్టుకోగలిగాం.

చూడడం అయ్యాక, ఒక పది నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకుండా కళ్లు మూసుకుని కూర్చోండి. ఫ్రిజ్ రొద, పక్కింటి మగ్గం, వీధిలో కూరగాయల బండి మైకు, గుడి లౌడ్‌స్పీకరు అన్నీ అప్పుడు వినిపిస్తాయి. పోచంపల్లి చుట్టుపక్కల ఇంకో చప్పుడు కూడా ఉంటుంది. ఒకప్పుడు ఆడవాళ్లు చీరకు వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పుతూ ఆసు పోసేవారు, అంటే రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ చుట్టేవారు. చింతకింది మల్లేశం గారు రూపొందించిన లక్ష్మీ ఆసు యంత్రం వచ్చాక ఎందరికో ఆ భుజాల నొప్పి తప్పింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం నడుస్తున్న ఇంటి పక్కన ఇంటర్వ్యూ పెట్టుకుంటే మాత్రం దాని మోటారు శబ్దం ప్రతి వాక్యం వెనకా వినిపిస్తుంది. పక్కింటివారిని వెళ్లి కలిసి, ఏ వేళకు యంత్రం ఆపుతారో అడిగి, మన ఇంటర్వ్యూను ఆ వేళకు మార్చుకోవడం మర్యాద. వారి పని ఆపించడం నాకు ఎప్పుడూ మంచిదనిపించలేదు.

రెక్కీలో మరికొన్ని పనులు త్వరగా అయిపోతాయి. గది నేల పటాన్ని చేత్తో గీసుకుని తలుపులు, కిటికీలు, ప్లగ్ పాయింట్లు, మగ్గం గుర్తు పెట్టుకోండి. మొబైల్‌లోని దిక్సూచితో తూర్పు ఎటో రాసుకోండి. కరెంటు ఏ వేళల్లో పోతుందో ఇంటివారిని అడగండి. ఆ ఇంట్లో చిత్రీకరించడానికి వారు ఒప్పుకున్నట్టు సంతకం తీసుకోండి. ఆ వీడియో ఎక్కడ, ఎందుకు చూపించబోతున్నారో వారికి అర్థమయ్యే మాటల్లో చెప్పిన తర్వాతే ఆ సంతకానికి విలువ ఉంటుంది. గోల్కొండ కోట, చార్మినార్ లాంటి కేంద్ర పురావస్తు శాఖ పరిరక్షణలోని కట్టడాల దగ్గర, రైల్వే స్టేషన్లలో తీయాలంటే ముందుగా ఆయా శాఖల అనుమతి తీసుకోవాలి. డ్రోన్ ఎగరేయాలనుకుంటే 2021 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం ఆ చోటు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ జోన్లలో దేనిలో ఉందో ప్రభుత్వపు డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోవాలి. మా చిత్రానికి డ్రోన్ అవసరం లేదని నేను ముందే అనుకున్నాను. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి జీవితం ఆకాశం నుంచి కనిపించదు.

ఇలాంటి ఎంపిక ఇంకొకటి చేయవలసి వచ్చింది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే భూదానోద్యమానికి నాంది పలికినది పోచంపల్లిలోనే. ఊరి పేరులోనే ఆ జ్ఞాపకం ఉంది. ఊరిని పరిచయం చేయడానికి వినోబా విగ్రహం షాట్‌తో మొదలుపెడదామని మా అసిస్టెంట్ సూచించాడు. చూడడానికి బాగానే ఉంటుంది. కానీ మా చిత్రంలో ఎవరూ భూమి గురించి మాట్లాడరు, దాని పక్కన పెట్టడానికి నా దగ్గర మరో షాట్ కూడా లేదు. ఎంత మంచి ఎస్టాబ్లిష్‌మెంట్ షాట్ అయినా తర్వాతి షాట్‌తో కలవకపోతే ఎడిటింగ్ బల్ల మీద మిగిలిపోయేదే. దాన్ని వదిలేసి, తెల్లవారుజామున వీధిలో గోడకు ఆనించి ఆరబెట్టిన రంగు నూలుతో మొదలుపెట్టాం.

షాట్ డివిజన్

కథ వరసలో షాట్లు రాసుకున్నాక, వాటిని కెమెరా స్థానాన్ని బట్టి మళ్లీ రాయండి. తలుపు వైపు నుంచి చూసే షాట్లన్నీ ఒక గుంపు, మగ్గం ఎదుట నుంచి చూసేవి ఒక గుంపు, గుంట దగ్గర కింద నుంచి చూసేవి ఇంకో గుంపు. చిత్రం మొదట్లో రావలసినదీ చివర్లో రావలసినదీ ఒకే స్థానం నుంచి తీసేవయితే పక్కపక్కనే తీసేస్తాం. ట్రైపాడ్ ఎత్తి ఇంకోచోట పెట్టి, లైటు సర్ది, మైకు దాచి, ఫ్రేమ్ చూసుకోవడానికి చిన్న గదిలో ఎంత వేగంగా చేసినా పదిహేను నిమిషాలు పడుతుంది. నలుగురు మనుషులతో రోజుకు పదిహేను సెటప్‌లకు మించి నేను ఎప్పుడూ రాసుకోను. ముప్పై రాసుకుని వెళ్లినవారు మధ్యాహ్నం మూడు గంటల నుంచి పరుగులు తీస్తారు. ఆ పరుగులో తీసిన షాట్లే తర్వాత అతకవు.

ప్రతి షాట్ పక్కన రెండు సంగతులు రాసుకోండి. మొదటిది, దీనికి ముందు వచ్చే షాట్ ఏది, తర్వాత వచ్చేది ఏది. రెండోది, సమయం చాలకపోతే దీన్ని వదిలేయవచ్చా. నా కాగితం మీద తప్పనిసరి షాట్ల పక్కన ఎర్ర చుక్క ఉంటుంది. వెలుగు తగ్గిపోతున్నప్పుడు, అందరూ మన ముఖం వైపు చూస్తున్నప్పుడు, ఏది వదులుకోవాలో ఆ చుక్కలే చెబుతాయి.

ఒక పనిని ముక్కలుగా తీయడం

నేత దగ్గరికి వద్దాం. పెద్దాయన గుంట మగ్గం మీద చీర నేస్తున్నారు. పాదాలు కింద తొక్కుడు చెక్కలను మార్చి మార్చి తొక్కుతాయి, కుడిచెయ్యి తాడు లాగుతుంది, అడ్డం పోగును మోసుకెళ్లే నాడె ఒక పక్క నుంచి రెండో పక్కకు దూసుకుపోతుంది, ఎడమచెయ్యి పలకను ముందుకు లాగి పేకను, అంటే ఆ అడ్డం పోగును, బిగిస్తుంది. ఇది ఇక్కత్, అంటే నేతకు ముందే పోగులకు రంగులద్దే పద్ధతి, కావడం వల్ల ఆయన మధ్యమధ్యలో ఆగి, రంగులద్దిన పేక పోగు డిజైనులో సరిగ్గా తన చోటికి వచ్చిందో లేదో వంగి చూసి, వేలికొనతో వెంట్రుకవాసి జరుపుతారు. ఇదంతా ఒక్క వైడ్ షాట్‌లో కనిపిస్తుంది గానీ ప్రేక్షకుడికి ఏమీ అర్థం కాదు. ఆ వేలికొనను అతడు చూడనే చూడడు.

ఇక్కడ మొదట మాస్టర్ షాట్ (సన్నివేశమంతటినీ మొదటి నుంచి చివరిదాకా చూపే వైడ్) తీసి, తర్వాత దగ్గరికి వెళ్లాలని అందరూ నేర్పుతారు. నటులతో నేనూ అలాగే చేస్తాను, ఎందుకంటే మాస్టర్‌లో ఏ మాట దగ్గర ఎవరు కూర్చున్నారో, ఎవరు లేచారో అందరికీ స్థిరపడిపోతుంది. ఎన్నడూ కెమెరా చూడని మనిషి విషయంలో మాత్రం తలకిందులుగా వెళ్లడమే మేలని నా అనుభవం. మొదటి అరగంట చేతులు, పాదాలు, నాడె, నూలు చుట్టిన కండె వీటినే తీయండి. ముఖం ఫ్రేమ్‌లో లేదని తెలిసిన మనిషి తన పనిలో తాను పడిపోతాడు, కెమెరా ఉందన్న సంగతి మరచిపోతాడు. ముఖం దగ్గరికి మీరు వచ్చేసరికి ఆ బిగువు పోయి ఉంటుంది.

ఒక పనికి కనీసం ఐదు షాట్లు కావాలి: చేస్తున్న చేతులు, చేస్తున్న మనిషి ముఖం, చోటు మొత్తం కనిపించే వైడ్, మన సినిమావాళ్లు సజెషన్ అని పిలిచే భుజం మీదుగా చూసే షాట్, ఎవరూ ఊహించని చోటు నుంచి ఒకటి. మా చిత్రంలో ఆ ఐదోది గుంటలో నుంచి పైకి చూసిన షాట్. కెమెరాను గుంట అంచున దాదాపు నేలకు ఆనించి పెడితే పాదాల మీదుగా పడుగు పోగుల సందుల్లోంచి ఆయన గడ్డం కనిపించింది. స్థానం మార్చినప్పుడల్లా కెమెరా కోణం కనీసం 30 డిగ్రీలు మారాలి, లేకపోతే షాట్ సైజు బాగా మారాలి. మిడ్ షాట్‌కు (మనిషిని నడుము దాకా చూపేది) పక్కనే అదే కోణంలో కొంచెం దగ్గరి మిడ్ షాట్ పెడితే బొమ్మ ఉలిక్కిపడినట్టు ఉంటుంది.

షాట్ ఎంతసేపు ఉండాలన్నది కొత్తవారు ఎక్కువగా తప్పే చోటు. కెమెరా రోల్ అయ్యాక మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టి పని మొదలుపెట్టమనండి. పని అయిపోయాక మళ్లీ ఐదు లెక్కపెట్టి కట్ చెప్పండి. మనిషి ఫ్రేమ్‌లోంచి వెళ్లిపోతుంటే పూర్తిగా వెళ్లనిచ్చి, ఖాళీ ఫ్రేమ్‌ను కూడా రెండు సెకన్లు ఉంచండి. ఎడిటింగ్‌లో అతుకు పెట్టే చోటు ఈ అదనపు క్షణాల్లోనే దొరుకుతుంది. ఒకే కదలికను రెండు షాట్లలోనూ తీయడం ఇంకా మంచిది. వైడ్‌లో ఆయన కండె అందుకోవడం మొదలుపెడితే, క్లోజప్‌లో కూడా అందుకోవడం మొదటి నుంచీ తీసుకోండి. చెయ్యి సగం దారిలో ఉండగా వైడ్ నుంచి క్లోజప్‌కు మారితే, ఆ కదలికను వెంబడిస్తున్న కన్ను అతుకును పట్టుకోలేదు.

కంటిన్యుటీ (ఒక షాట్‌లో ఉన్నవన్నీ తర్వాతి షాట్‌లోనూ అలాగే ఉండడం) విషయంలో మగ్గం నాకు గట్టి పాఠమే నేర్పింది. నేసిన బట్ట వెనక్కి పోదు. మొదటి రోజు ఉదయం వైడ్ తీసినప్పుడు చీర అంచులో ఏనుగు బొమ్మ సగమే నేసి ఉంది. మధ్యలో ఇంటర్వ్యూ తీసి, రెండో రోజు ఉదయం అదే సన్నివేశానికి క్లోజప్‌లు తీశాం. వెలుగు సరిపోయింది, చొక్కా సరిపోయింది, కూర్చున్న తీరు సరిపోయింది. ఎడిటింగ్‌లో చూస్తే వైడ్‌లో సగం ఉన్న ఏనుగు క్లోజప్‌లో పూర్తయిపోయి, దాని మీద చిలకల వరస మొదలైంది. ఆ క్లోజప్‌లలో సగం వాడుకోలేకపోయాను. అప్పటి నుంచి ప్రతి సెటప్ చివర మొబైల్‌తో ఒక ఫోటో తీస్తాను, అందులో పనిముట్లు, పని ఎంతవరకు వచ్చింది, గడియారం కనిపించేలా చూసుకుంటాను. వంట, నేత, కుండ చేయడం, చెక్కపని లాంటి ముందుకే నడిచే పనులకు వైడ్, క్లోజప్‌లు రెండూ ఆ దశ దాటకముందే పూర్తి చేస్తాను.

చూపుల మధ్య గీత

ఆయన మగ్గం మీద ఉన్నారు, ఆయన భార్య గడప పక్కన రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నారు, ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. వారిద్దరినీ కలుపుతూ నేల మీద ఒక గీత గీసినట్టు ఊహించుకోండి. మొదటి షాట్‌కు కెమెరాను ఆ గీతకు ఏ పక్క పెట్టారో, ఆ సంభాషణ అయ్యేదాకా అదే పక్కన ఉండాలి. అప్పుడు ఆయన ఎప్పుడూ తెర కుడివైపుకు, ఆవిడ ఎప్పుడూ ఎడమవైపుకు చూస్తారు, ఒకరినొకరు చూసుకుంటున్నట్టు ఉంటుంది. గీత దాటితే ఇద్దరూ ఒకే వైపుకు చూస్తూ, మూడో మనిషితో మాట్లాడుతున్నట్టు అవుతుంది. సెట్‌లో దీన్నే లుక్ తప్పిందంటారు.

నియమం తెలిసినవారు కూడా లొకేషన్‌లో దీన్ని తప్పుతారు, కారణం ఎప్పుడూ వెలుగే. ఆవిడ క్లోజప్ తీయడానికి గీతకు అవతలి పక్క నుంచి చూస్తే తలుపు వెలుగు ముఖం మీద అద్భుతంగా పడుతోంది. కెమెరామన్ అడిగాడు, నేను సరేనన్నాను. ఆ రాత్రి రషెస్ (ఆ రోజు తీసిన షాట్లన్నీ) చూస్తే భార్యాభర్తలిద్దరూ తలుపు వైపే చూస్తూ మాట్లాడుతున్నారు. అదృష్టవశాత్తు రాట్నం తిరుగుతుండగా సరిగ్గా ముందు నుంచి తీసిన ఇన్సర్ట్ (ఒక వస్తువునే దగ్గరగా చూపే షాట్) ఒకటి ఉంది. అందులో ఎటు వైపు అన్న ప్రశ్నే లేదు. దాన్ని మధ్యలో పెట్టి గట్టెక్కాం. అలాంటి తటస్థమైన ఇన్సర్ట్‌లు ప్రతి సన్నివేశానికీ రెండు మూడు తీసి దాచుకోండి. గీత దాటక తప్పనప్పుడు, నడుస్తున్న షాట్‌లోనే కెమెరాను కదిలిస్తూ దాటించినా ప్రేక్షకుడు దారి తప్పడు.

వెలుగు, కెమెరా సెట్టింగులు

వీటిలో దర్శకుడికి తెలియవలసినవి కొన్నే. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెడితే ట్యూబ్‌లైట్లు మినుకుమినుకుమనవు. చాలా మొబైళ్లు తమంతట తాము ఎంచుకునే 30 ఫ్రేముల్లో ఆ మినుకు కనిపించే ప్రమాదం ఉంటుంది. తెలుపు తెల్లగానే కనిపించేలా రంగును సర్దే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలొద్దు. పగటి వెలుగుకు దాదాపు 5600 కెల్విన్, పసుపు బల్బులకు 3200 దగ్గర పెట్టి, సన్నివేశం అయ్యేదాకా మార్చకండి. ఆటోలో వదిలితే ఒకే ముఖం ఒక షాట్‌లో నీలంగా, ఇంకో షాట్‌లో పసుపుగా ఉంటుంది. తలుపు వెలుగు, ట్యూబ్‌లైటు రెండూ కలిసే చోట ట్యూబ్‌లైటు ఆపేసి, అవతలి పక్క ఒక తెల్ల థర్మకోల్ షీటు నిలబెట్టి ఆ వెలుగునే ముఖం మీదికి తిప్పడం చవకైన, నమ్మకమైన పద్ధతి.

ఆరుబయట వేళను ఎంచుకోవడమే లైటింగ్. హైదరాబాద్ ప్రాంతంలో మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. కనుబొమల నీడ పడి కళ్లు గుంటల్లా కనిపిస్తాయి. వేసవిలో పదకొండు నుంచి మూడు దాకా ఇంటి లోపలి షాట్లు పెట్టుకోండి, లేదా వేపచెట్టు నీడలో, వెనక ఎండ పడిన గోడ ఫ్రేమ్‌లోకి రాకుండా చూసుకుని తీయండి. డిసెంబరులో అంత ఇబ్బంది ఉండదు. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు గనుక, ఆరుబయట రెండు గంటలు పట్టే సంభాషణలో మొదటి క్లోజప్‌లో ముక్కు నీడ ఒక పక్క, చివరి క్లోజప్‌లో ఇంకో పక్క పడవచ్చు. ఇద్దరి క్లోజప్‌లనూ ఒకదాని వెంట ఒకటి తీసి, వైడ్‌ను చివరికి పెట్టుకుంటే ఆ తేడా అంతగా కనిపించదు.

శబ్దం

బొమ్మలో చిన్న లోపాన్ని ప్రేక్షకుడు క్షమిస్తాడు. మాట వినిపించకపోతే చూడడం మానేస్తాడు. కెమెరా మీది మైకు గైడ్ ట్రాక్‌కు, అంటే ఎడిటింగ్‌లో అసలు శబ్దాన్ని బొమ్మతో కలుపుకోవడానికి, మాత్రమే పనికొస్తుంది. మాట్లాడే మనిషి చొక్కాకు చిన్న మైకు పెట్టండి, లేదా బూమ్ మైకును (పొడవాటి కర్రకు కట్టిన మైకు) ఫ్రేమ్‌కు తగలకుండా నోటికి రెండు మూడు అడుగుల్లోపల ఉంచండి. గంజి పెట్టిన కొత్త చీరకు మైకు పెడితే రాపిడి వినిపిస్తుంది. లోపల మెత్తటి టేపు వేసి అంటించాలి. ఫ్యాను, ఫ్రిజ్ ఆపించినప్పుడు ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించండి, సాయంత్రం దాన్ని చూసి మళ్లీ స్విచ్ వేయడం గుర్తొస్తుంది. వారి పాలు విరిగిపోతే ఆ ఇంటికి మళ్లీ ముఖం చూపించలేం.

మగ్గం నడుస్తుండగా మాటలు రికార్డు చేయవద్దు. టకటక శబ్దం వాక్యం మధ్యలో తెగిపోతే ఎంత ప్రయత్నించినా అతుకు దాగదు. మాటలు మగ్గం ఆపి తీసుకోండి, మగ్గం శబ్దాన్ని ఆపకుండా ఐదు నిమిషాలు విడిగా రికార్డు చేసుకోండి, రెండింటినీ ఎడిటింగ్‌లో కలుపుకోండి. అలాగే ప్రతి గదిలోనూ, ప్రతి ఆరుబయటి చోటా, అందరూ కదలకుండా నిలబడి ఒక నిమిషం ఆ చోటి నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. రెండు మాటల మధ్య ఖాళీలను పూడ్చేది ఆ నిశ్శబ్దమే.

మనుషులతో

వృత్తిలో ఉన్న మనిషిని నటించమని ఎప్పుడూ అడగొద్దు. చేయవలసిన పనిని చెప్పండి. మేము మొదటి షాట్‌కు ‘యాక్షన్’ అని గట్టిగా అరవగానే పెద్దాయన చేతులు మగ్గం మీద బిగుసుకుపోయాయి. ఆ తర్వాత ఆ మాటే మానేశాను. కెమెరామన్ వేలు ఎత్తగానే ‘పెద్దయ్యా, మీ పని మీరు కానివ్వండి’ అనేవాణ్ని. నాలుగోసారి అడిగినప్పుడు ఆయన నవ్వి, ‘ఎన్నిసార్లు జెయ్యమంటవు బిడ్డా, ఒక్కసారి జేస్తే కనవడదా?’ అన్నారు. అప్పుడు ఆయనను కెమెరా దగ్గరికి పిలిచి, తీసిన మూడు షాట్లనూ వరసగా చూపించాను. ఒకే పనిని మూడు పక్కల నుంచి చూడడం ఎందుకో ఆయనకు వెంటనే అర్థమైంది. అప్పటి నుంచి నేను అడగకముందే ‘ఇప్పుడు కాళ్లా, చేతులా?’ అని ఆయనే అడగడం మొదలుపెట్టారు. మళ్లీ చేయమని అడిగే ముందు ఎందుకు చేయమంటున్నామో చూపించడం అవతలి మనిషి శ్రమకు మనమిచ్చే గౌరవం.

ఇంటర్వ్యూలో మీరు కెమెరా లెన్సుకు ఆనుకున్నట్టే ఒక పక్కన, కూర్చున్న మనిషి కళ్ల ఎత్తులోనే కూర్చోండి. మీ ప్రశ్న చిత్రంలో వినిపించదు కాబట్టి, ప్రశ్నను కలుపుకుని జవాబు చెప్పమని ముందే కోరండి. జవాబు అయిపోగానే తర్వాతి ప్రశ్న వేయకుండా మూడు నాలుగు సెకన్లు ఆయన వైపే చూస్తూ ఊరుకోండి. మా చిత్రంలో అందరూ గుర్తుపెట్టుకున్న వాక్యం ఆ నాలుగు సెకన్ల తర్వాత వచ్చిందే. కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడని చెప్పి ఆగిపోయిన పెద్దాయన, నేను మాట్లాడకపోయేసరికి, ‘పండుగకు వస్తే మగ్గం మీద కూసుంటడు, కొద్దిసేపు’ అన్నారు.

సెట్‌లో దర్శకుడు చూడవలసింది మనిషిని. ఫోకస్, ఎక్స్‌పోజర్ కెమెరామన్ చూసుకుంటాడు. మానిటర్‌కు కళ్లప్పగిస్తే పెద్దాయనకు నడుము నొప్పి పుట్టిందన్న సంగతి మీరు గమనించలేరు. ఒక్కరే వెళ్లి తీసేవారు ఈ రెండు పనులూ తామే చేయాలి కనుక, కెమెరాను ట్రైపాడ్ మీద కట్టేసి, ఫ్రేమ్ పెట్టాక దానిని వదిలి ఆ మనిషి పక్కకు వచ్చి నిలబడాలి.

ప్యాకప్‌కు ముందు

ఎర్ర చుక్కలన్నీ కొట్టేశారో లేదో చూసుకోండి. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే గంటకు సుమారు 45 గిగాబైట్లు అవుతుంది. దానికి తగ్గ హార్డ్ డిస్కులు రెండు తీసుకెళ్లి, రెండింటిలోకీ కాపీ చేసి, ఫైళ్లు తెరిచి చూసిన తర్వాతే కార్డు ఖాళీ చేయండి. జరిపిన మంచాలు, కుర్చీలు వాటి చోట్లకు చేర్చండి. ఆ రాత్రి ఎంత అలసటగా ఉన్నా రషెస్ మొత్తం చూడండి, ఎందుకంటే రేపు ఉదయం అదే వెలుగులో ప్యాచ్ వర్క్ (తప్పిపోయిన షాట్లు) తీసుకునే వీలు ఇంకా ఉంది.

ఎడిటింగ్ ఒక కొలిక్కి వచ్చాక రఫ్ కట్‌ను (తుది మెరుగులకు ముందటి కూర్పును) మీరు చిత్రీకరించిన మనిషికి చూపించండి. మేము నెల తర్వాత లాప్‌టాప్ తీసుకుని పోచంపల్లి వెళ్లాం. కంటిన్యుటీ ఎన్నోసార్లు సరిచూసుకున్నాను, గీత దాటిన చోటు ఇన్సర్ట్‌తో సర్దుకుంది, వెలుగు కలిసింది. మగ్గం సన్నివేశం దగ్గర పెద్దాయన ఆపమన్నారు. తెర మీద వేలు పెట్టి, ‘నాడె గిటుకెల్లి అటు వోయింది, మళ్ల గిటుకెల్లి అటే వోతుంది. నడుమ తిరిగి ఎప్పుడొచ్చింది బిడ్డా?’ అన్నారు. రెండు క్లోజప్‌లలోనూ నాడె ఎడమ నుంచి కుడికే వెళ్తోంది. మా నలుగురిలో ఒక్కరమూ దాన్ని గమనించలేదు. తిరిగి వచ్చి ఆ రాత్రే రషెస్ వెతికి, నాడె కుడి నుంచి ఎడమకు వచ్చే షాట్ ఒకదాన్ని పట్టుకుని ఆ రెండింటి మధ్య పెట్టాను.